వరదబండ మీద ఉప్పు

గద్వాల సంస్థానంలో, గట్టు అనే ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఒక చిన్న ఊళ్లో మాసయ్య అనే నీరటి ఉండేవాడు. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం నీరటి పని. తండ్రి చేసిన పనే కొడుక్కు వచ్చింది. కల్లాల దగ్గర రైతులు కొలిచి ఇచ్చే మేర గింజలతోనే ఆ ఇల్లు గడిచేది. ఎక్కడో జర్మనీవాళ్ల యుద్ధం జరుగుతున్న ఆ కాలంలో ఇక్కడ చెరువు ఎండిపోయింది. నీళ్లు లేని చెరువుకు నీరటి అంటే సైన్యం లేని సేనాపతి. అయినా మాసయ్య ప్రతి పొద్దునా కట్టెక్కి, నెర్రెలిచ్చిన చెరువును గంభీరంగా పరామర్శించి, తూము మూసే ఉన్నదని నిర్ధారణ చేసుకొని ఇంటికి వచ్చేవాడు.

వానలు మొహం చాటేస్తే ఆ ఊళ్లో వరదపాశం పోసేవారు. ఊరి బయట చాపలా పరుచుకున్న బండ ఒకటి ఉంది. బెల్లం, బియ్యం వేసి వండిన పాయసాన్ని, వాళ్ల మాటలో పాశాన్ని, ఆ బండ మీద కుమ్మరిస్తారు. మగవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకొని, మోకాళ్ల మీద వంగి, దాన్ని నాలుకతో నాకాలి. పాశం అయిపోయేదాకా తల ఎత్తరాదు, మాట్లాడరాదు, ముఖ్యంగా ఉమ్మరాదు. మనిషి ఉమ్మితే మబ్బు కూడా ఊరి మీద ఉమ్మేసి పోతుందని నమ్మకం. బండకు ఎవరి అంచు వారిదే. కరువు మనుషులకు వచ్చింది గాని కట్టుబాట్లకు రాలేదు.

ఆ బండను శుభ్రం చేయవలసింది నీరటి. కిందటేడు నాకుతుండగా ఊరి పెద్ద నాగప్ప పటేలు మోకాలిలో పల్లేరు ముల్లు దిగింది. పటేలు చాలాకాలం కుంటుతూ నడిచాడు. ఆ యేడు వాన కూడా కుంటుకుంటూనే వచ్చింది. ఈ రెంటికీ సంబంధం ఉందని పటేలు తీర్మానించాడు. ఆయన తీర్మానం మీద అప్పీలుకు పోయే కచేరీ ఏదీ ఆ ఊళ్లో లేదు. ఈ యేడు పాశం రోజు ఖాయం కాగానే ఆయన మాసయ్యను చావడికి పిలిపించాడు.

"ఇగో మాసా, ఈసారి ఒక్క ముల్లు తగిల్నా తూము పని మద్దిలేటికిస్త. హౌదా?"

"హౌదు పటేలా," అని ఒప్పుకున్నాడు మాసయ్య.

మద్దిలేటి పటేలు ఇంటి జీతగాడు. చావడి గోడకు ఆనుకొని నవ్వాడు. "నేనైతే చెప్పులు గూడ కుట్టిచ్చుకున్న మాసన్నా. కట్ట మీద తిరగాలె గద!"

కరువులో పైరు మొలవదు గాని పల్లేరు మొలుస్తుంది. బండ నెర్రెల్లో అది వేళ్లు దించుకొని, ఊరికి పట్టా చూపించాల్సిన అవసరమే లేనట్టు పరుచుకుంది. పారతో గీకేద్దామంటే వరదబండకు ఇనుము తగలరాదు, తగిలితే మబ్బు చెదురుతుంది. చేత్తో పీకితే తీగ చేతికి వస్తుంది, వేరు నెర్రెలోనే ఉండి మళ్లీ చిగురిస్తుంది. మాసయ్య అరచేతులు ముళ్లతో జల్లెడయ్యాయి. పాశం రోజు దగ్గరపడింది. పల్లేరు పచ్చగా నవ్వుతోంది.

భార్య ఈరమ్మ సూదితో అతని చేతిలో ముళ్లు తీస్తూ అడిగింది. "మనింటెన్క ఆ మూలకు ఏనాడైన గడ్డి మొలిసిందా?"

"లే."

"ఎందుకు మొల్వలే? చింతతొక్కు కుండలు కడిగి ఉప్పునీళ్లు ఆడ్నే గుమ్మరిస్త గన్క. ఉప్పు దాగిన గడ్డి బతుకదు."

"దేవుని బండ మీద ఉప్పానే?"

"ముల్లు గుచ్చుకుంటె దేవుడొస్తడా, పటేలొస్తడా?"

మాసయ్య లేచి పొయ్యి రాజేశాడు. ఈరమ్మ తొక్కు కోసం దాచుకున్న గల్లుప్పు తీసి, గుప్పెడు మిగిల్చి తక్కినదంతా నీళ్లలో చిక్కగా కాచి, సలసల మరుగుతుండగా ఇచ్చింది. "ఎండినంక మంచిగ కడుగు. ఉప్పు ఉంచకు," అని మరీ మరీ చెప్పింది.

"నేను కడిగేదేముందే? పాశం నాడు ఊరంత బిందెలు తెచ్చి కడుగుతరు గద."

జనం లేవకముందే వెళ్లి నెర్రెనెర్రెకూ పోశాడు. మర్నాడూ పోశాడు. ఇంకా నమ్మకం చాలక ఆ పైన గుప్పెడు గల్లుప్పు కూడా చల్లాడు. పల్లేరు వాడింది, ఎండింది, చేయి వేస్తే వేరుతో సహా పొడిగా ఊడి వచ్చింది. మాసయ్య జన్మలో అంత అందమైన చావు చూడలేదు. ఎండకు ఉప్పునీళ్లు ఇగిరి బండంతా సున్నం వేసినట్టు తెల్లబడింది.

పాశం రోజు వచ్చింది. ఆడవాళ్లు కడగడానికి బిందెలతో వచ్చారు. పటేలు ముందుగా మోకాలు ఆనించి పరీక్షించాడు, అరచేత్తో తడిమాడు.

"బండను పాలలెక్క చేసినవ్ కదరా మాసా! గింత సాపుంటే మళ్ల నీళ్లెందుకు ఒలకబోసుడు? గొడ్లు దూపకు సస్తున్నయి. తీస్కపోయి తొట్ల పొయ్యుర్రి."

మాసయ్య బిందెలకు అడ్డం వెళ్లాడు. "పటేలా, జర... ఒక్క బిందెడన్న..."

"ఎందుకు?"

"ఆచారం పటేలా..."

"ఆచారం నాకు నేర్పుతవా?"

"మాసన్న పరేషానయితుండేంది?" అన్నాడు మద్దిలేటి. "బండల ఏమన్న దాచిపెట్టిండా?"

నిజం చెప్పడానికి మాసయ్య నోరు తెరిచాడు. ఉప్పు పోసిన చోట ఏదీ మొలవదు. మొలకల కోసం మొక్కే బండ మీద ఉప్పు పోశానని ఊరందరి ముందు చెప్పాలి. చెబితే తూము పని ఇప్పుడే పోతుంది, చెప్పకపోతే కాసేపాగి పోతుంది. అతను కాసేపునే ఎంచుకొని నోరు మూసుకున్నాడు. దూరంగా ఆడవాళ్ల మధ్య ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బిందెలు వెనక్కి వెళ్లిపోయాయి.

ఇంటింటి నుంచి దులిపి పోగుచేసిన బెల్లంతో వండిన పాశాన్ని, ఆవిర్లు వస్తుండగానే బండ మీద కుమ్మరించారు. ఊరి మగతనమంతా మోకాళ్ల మీద వంగింది. మాసయ్య కూడా తన అంచున వంగాడు. అతని నాలుక పాశం మీద, ఓరచూపు పటేలు మీద ఉన్నాయి.

పై పొర తీపిగానే ఉంది. పటేలు హాయిగా నాకుతున్నాడు. కాని వేడికి అడుగున ఉప్పు కరుగుతోంది. నాలుకలు కిందికి దిగుతున్నాయి. మాసయ్య నాలుకకు మొదటి ఉప్పుగల్లు తగిలింది. అటు పటేలు వీపు కర్రలా బిగుసుకుంది. నాలుక ఆగింది. పటేలు మళ్లీ నాకాడు. ఆ వెంటనే బండ చుట్టూ ఒక్కొక్క వీపే బిగుసుకుంటూ వచ్చింది. ఎవరో ముక్కుతో మూలిగారు. ఒక ముసలాయన కళ్లవెంట నీళ్లు కారాయి, వెనక ఉన్నవాళ్లు భక్తి అనుకున్నారు.

థూ! అని వినిపించింది.

మద్దిలేటి తలెత్తి కూచున్నాడు. "ఉప్పు! పటేలా, ఒట్టి ఉప్పే! మాసన్న బండకు ఉప్పు పోసిండు!"

ఎవరూ తల ఎత్తలేదు. పటేలు తన వంతు ఆఖరిదాకా, బండ కనబడేదాకా నాకాడు. అప్పుడు మెల్లగా లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాసయ్యను చూశాడు, మద్దిలేటిని చూశాడు, నేల మీది ఉమ్మును చూశాడు. తానూ ఉప్పు అన్నాడంటే పాశం చెల్లదు. మళ్లీ పోయడానికి ఊళ్లో బెల్లం లేదు. పైగా ఊరి పెద్ద ఆ ఉప్పును నాకినట్టు లెక్క.

"ఎక్కడిదిరా ఉప్పు? నేను నాకిన. తియ్యగున్నది."

"తియ్యగున్నది," అన్నాయి ఒక్కొక్కటిగా అంచులన్నీ.

"బెల్లం జర ఎక్కువనే పడ్డది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ ముసలాయన.

"నువ్వేమంటవ్ మాసా?"

మాసయ్య నోట్లో మిగిలిన ఉప్పును మింగాడు. "తియ్యగ... తియ్యగున్నది పటేలా."

"వరదపాశం మీద ఉమ్మినోనికి తూము పని ఎట్లిస్తర్రా?" అని పటేలు మద్దిలేటిని అడిగాడు. కొత్త చెప్పుల మనిషి మూతి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఊరి మగవాళ్లంతా నడక అనిపించుకోని వేగంతో తొట్ల వైపు వెళ్లారు. ఆ పూట గొడ్లకు ఎన్ని నీళ్లు దక్కాయో చెప్పలేం.

వాన ఆలస్యంగానైనా వచ్చింది, గట్టిగానే వచ్చింది. చెరువులోకి నీళ్లు చేరగానే మాసయ్య తూము తెరిచాడు. బండ నెర్రెల్లో మిగిలిన ఉప్పంతా వానకు దిగువకు కొట్టుకుపోయింది. దిగువన ఉన్నది నాగప్ప పటేలు ఆముదం చేను. చుట్టూ చేనంతా పచ్చగా లేచింది గాని, బండ నీళ్లు పారిన బాట మాత్రం గొరిగిన తలలా మిగిలింది.

పటేలు ఒక పొద్దున దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కట్ట మీద పోతున్న మాసయ్యను పిలిచాడు.

"ఏం మాసా, గీడ ఏం మొలుస్తలేదేంది?"

మాసయ్య తల వంచుకొని నేలను చూశాడు. "తీపి ఎక్కువైనట్లుంది పటేలా."

పటేలు మోకాలు ఒకసారి తడుముకున్నాడు.

"హౌదు," అన్నాడు. "తూము కాడికి పో. నీళ్లు పొర్లిపోతున్నయి."