వేల్స్ గోడల మీద తుప్పు చారలు

2019లో మా ఫ్యాక్టరీ నుంచి బ్రిటన్‌లోని వేల్స్‌కు పోయిన ఆర్డరును మార్తమ్మ చెడగొట్టిందని మార్కాపురం పలకల వ్యాపారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ సరుకు లారీకెక్కిన రోజు షెడ్డులో లేరు. నేనున్నాను. ఎగుమతి కాగితాలూ గ్రేడింగ్ పుస్తకమూ నా చేతిలోనివే.

గ్రేడింగ్ అంటే పలకను వేలితో కొట్టి మోత వినడం, తడిపి రంగు చూడటం, పగులూ మచ్చా ఉన్నదాన్ని పక్కకు తీయడం. మార్తమ్మ ఆ పని ఇరవై ఏళ్ళుగా చేస్తోంది. ఈ ఆర్డరు ఇళ్ళ పేర్లు చెక్కే పలకలకు. వేల్స్‌లో ఒక నది సముద్రంలో కలిసేచోట, ఒడ్డు పొడవునా చిన్న ఊళ్ళున్నాయి. అక్కడ చాలా ఇళ్ళకు నంబరుకు బదులు పేరుంటుంది. పలకలు కొనే ఆవిడ వీడియో కాల్‌లో తన ఊరు చూపిస్తుంటే ఫోను షెడ్డులోకి పట్టుకుపోయాను. బురదలో పడవలు ఒరిగి ఉన్నాయి.

"నీళ్ళేడికి పోయినాయి పాపా?" అంది మార్తమ్మ.

"సముద్రం వెనక్కి పోయింది పెద్దమ్మా. సాయంత్రానికి మళ్ళా వస్తాదంట."

"రోజూ పోయి రోజూ వస్తాదా? మన కాడ నీళ్ళు పోతే పోయినట్టే." నవ్వింది. అంతలోనే ముఖం ముడుచుకుంది. "అయితే ఆ గాలంతా ఉప్పే. ఈ బంగారు చుక్కల రాయి పంపొద్దు."

ఆ చుక్కలు పైరైట్ అనే ఇనుప ఖనిజం. మా పొడిగాలిలో ఏళ్ళ తరబడి మెరుస్తూనే ఉంటాయి. కానీ మా ఆడవాళ్ళు మధ్యాహ్నం పలక ముక్కల మీదే ఊరగాయ వేసుకుని తింటారు. ఉప్పు తగిలిన చుక్క నాలుగు రోజులకే ఎర్రగా కారడం మార్తమ్మ చూసింది. అట్లాంటి ముక్కనే తెచ్చి ఓనరు బల్ల మీద పెట్టింది.

"ఊరగాయ కథలు నాకెందుకు? లారీ వచ్చి నిలబడింది," అన్నాడాయన. ఆమె పక్కకు తీసిన పలకలను దగ్గరుండి మరీ పెట్టెల్లోకి ఎత్తించాడు.

మరుసటి చలికాలం ఫోటోలొచ్చాయి. తెల్లని గోడలు, మా పలకలు, ప్రతి పేరు కిందా తుప్పు చారలు.

"చూసి తీయాల్సింది నువ్వే కదా," అన్నాడు ఓనరు.

"తీసినాను సార్. తీసినవి మళ్ళా ఎక్కించింది ఎవురో మీరే చెప్పండి."

మర్నాటి నుంచి పనికి రావద్దన్నాడు. ఆమె తీసేసిన పలకల వివరమంతా ఉన్న గ్రేడింగ్ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. మూసి సొరుగులో వేసుకున్నాడు.

నాకు తెలిసొచ్చింది ఒకటే. పనికిరాదన్న పలకను అక్కడికక్కడే పగలగొట్టాలి. పక్కన పేర్చిపెడితే ఎవరో ఒకరు మళ్ళీ పెట్టెకెత్తుతారు. ఇప్పుడు సుత్తి నేనే పట్టుకుంటున్నాను, ఆయన చూస్తుండగానే.

ఇప్పుడు మా దగ్గర ప్రతి లాటుకూ ఉప్పునీళ్ళ పరీక్ష ఉంది. కొనేవాళ్ళొస్తే ఓనరే గొప్పగా చూపిస్తాడు. మార్తమ్మ మిరప కోతలకు పోతోంది. ఓనరు సార్, ఆ పరీక్ష నేర్పిన మనిషిని పనిలోకి ఎప్పుడు పిలుస్తారు?