ఒక్క ఫ్యాను, పదకొండు ఇళ్లు

ఆ వయసులో, లోకంలో బేరమాడలేని సంగతంటూ ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. కొంతం చౌక్‌లో మా బాపుది కిరాణా దుకాణం. మాటలు నేర్చింది గల్లా పక్కన కూర్చునే కాబట్టి, ఎవరేం చెప్పినా అందులో సగమే నిజమని అనుకునేవాణ్ణి. (దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నా, చిన్నది చాలదా స్వామీ అని అడిగే రకం.) డిగ్రీ అయి ఖాళీగా తిరుగుతున్న నన్ను, పుణె నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ మేడం పనిలో పెట్టుకుంది. ఆవిడ పేదరికాన్ని కొలిచే మనిషి. దాజీ పేట్‌లోని మా గల్లీలో ఇల్లిల్లూ తిరిగి, ఎవరింట్లో ఏమున్నదో అడిగి కాగితం మీద టిక్కులు పెట్టాలి. తాతల కాలంలో ఇటు మరాఠీ దేశానికి వలస వచ్చిన మా తెలుగువాళ్లందరికీ మరాఠీ వచ్చు, కానీ ఇంటి సంగతులు తెలుగులోనే చెబుతారు. అందుకు నేను. పేదదని తేలిన గల్లీకి వారానికోసారి దవాఖానా బండి వస్తుందని మేడం ముందే చెప్పింది. మా గల్లీలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ దగ్గే. అందరికంటే ఎక్కువ మా పక్కింటి పెద్దమ్మకి.

అయితే మా గల్లీకి ఒక అలవాటుంది. ఏ ఇంటికి కొత్త మనిషి వచ్చినా, నాలుగిళ్ల మంచి వస్తువులు ఆ ఇంట్లోకి చేరతాయి. వచ్చినవాళ్ల ముందు ఇల్లు బోసిగా కనబడకూడదు. ఒక ఇంటి ముందు గుమ్మం మేడం దిగేలోపే టేబుల్ ఫ్యాను, కుర్చీ, స్టీలు డబ్బాలు వెనక తలుపులోంచి పక్కింటికి దాటిపోయేవి. మూడో ఇల్లు పెద్దమ్మది. అక్కడ పసిగట్టాను: ఫ్యాను రెక్కలు ఇంకా తిరుగుతున్నాయి, ప్లగ్గు మాత్రం నేల మీద ఉంది.

"పెద్దమ్మా, గిది ముందటింటి ఫ్యాను గదనే?" అని గుసగుసగా అడిగాను.

"నోరు మూస్కొని రాయ్‌రా, బేరగాడా! పుణె బాయి ముంగట మన ఇజ్జత్ తీస్తవా ఏంది?" అని తంబాకు చాట మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వే దగ్గయింది.

రాశాను. పదకొండు ఇళ్లలోనూ "ఫ్యాను ఉంది" అనే రాశాను. ఎవరి మాటనూ బేరమాడకుండా ఒప్పుకున్నది జన్మలో ఆ ఒక్క రోజే.

కొన్ని నెలలకు పుణెలో పేదరికం మీదా సామాజిక మార్పు మీదా పెద్ద సభ జరిగింది. మేడం నన్నూ తీసుకెళ్లింది. (కిటికీ సీటు ఇస్తేనే వస్తానన్నాను, ఇచ్చింది.) అక్కడ చాయ్ ఎన్నిసార్లు తాగినా ఎవరూ ఏమీ అనరు. అడ్డు చెప్పేవాడే లేకపోతే నాలాంటివాడు ఏం మాట్లాడతాడు? రెండు రోజులు నన్నెవరూ పలకరించలేదు. మెడలో నా పేరు రాసిన కార్డు వేలాడుతుంటే, దాన్ని చదివింది నేనొక్కణ్ణే.

రెండో రోజు మేడం తెర మీద మా గల్లీ తాలూకు ఎర్ర గీత వేసింది. పాత సర్వే లెక్క దగ్గర మొదలై గీత పైకి పాకుతోంది. ఈ గల్లీ పేదరికం నుంచి బయటపడిందనీ, ఇక సాయం వేరే గల్లీలకు వెళ్లాలనీ చెప్పింది. చప్పట్లు మోగాయి. నాకు మాత్రం పెద్దమ్మ దగ్గు వినిపించింది. లేచి నిలబడి, హిందీ, మరాఠీ, వచ్చినంత ఇంగ్లీషూ కలిపి, "మేడం, ఆ ఫ్యాన్లన్నీ ఒకటే ఫ్యాను" అన్నాను.

హాలంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఉందా అని అడిగారు మేడం. ఉంది. ఎవరిదని అడగలేదు."

ఆవిడ మళ్లీ వచ్చింది, ఈసారి కబురు పెట్టకుండా, వెనక తలుపుల వైపు నుంచి. గల్లీకి దవాఖానా బండి వచ్చింది. ఎవరు చెప్పారన్నదీ గల్లీకి తెలిసింది.

"పుణె అంతటి ముంగట మమ్మల్ని బికార్లను చేసినవ్ గదరా," అంది పెద్దమ్మ, బీడీ చుట్టే చేతుల మీంచి చూపు ఎత్తకుండా.

"బండి అయితే వచ్చింది గద, పెద్దమ్మా?"

"బండి బేస్తారం బేస్తారం వస్తది. పోయిన ఇజ్జత్ ఏ నాడొస్తది?"

నేను ఆ పనిలోనే స్థిరపడిపోయాను. సభలకు ఇప్పుడు నన్నూ పిలుస్తారు. కొత్తగా సర్వేకి వెళ్లేవాళ్లకు, ముందు ప్లగ్గు చూడండని చెబితే నవ్వుతారు. భోజనాల వేళకు ఎవరి గుంపులోకి వాళ్లు వెళ్లిపోతారు, నేను పళ్లెం పట్టుకుని గోడవారగా నిలబడతాను. మొన్న దాజీ పేట్ వెళ్లాను. పెద్దమ్మకి దగ్గు తగ్గింది, మనిషి కాస్త ఒళ్లు చేసింది. నన్ను చూసి గబుక్కున లేచి, కొంగు సవరించుకుని, "రాండ్రి సార్, కూసోండ్రి" అంది.

ఆ 'సార్'ని కొంచెం తగ్గించమని అడుగుదామనుకున్నాను. అంత పేరున్న బేరగాణ్ణి, అడగలేకపోయాను. నవ్వేసి, చెప్పినచోట కూర్చున్నాను.