అందరి పుట్టినరోజూ జూన్ పన్నెండే

రేపల్లెలో మా అమ్మ నడిపిన బడికి మూడు గదులు, ఒక రేకుల షెడ్డు. ఐదో తరగతి వరకు చెప్పి, పిల్లల్ని గురుకులం ప్రవేశ పరీక్షకు తయారుచేసేవాళ్లం. చేర్చుకునేటప్పుడు అమ్మ కాగితాలు అడిగేది కాదు. కుడిచెయ్యి తలమీదుగా ఎడమ చెవికి అందితే ఐదేళ్లు నిండినట్టే. పుట్టినతేదీ దగ్గర బడి తెరిచే రోజు, జూన్ పన్నెండు, రాసేసేది. అందరికీ ఒకేసారి చాక్లెట్లు పంచొచ్చని నేను ఎగతాళి చేసేదాన్ని. లెక్కలు చెప్పేదీ, ఆఫీసు పని చూసేదీ నేనే. ఎన్నిసార్లు పోట్లాడినా గోడకి చెప్పినట్టే ఉండేది.

నిరుడు వేసవిలో పెనుమూడి కూలీల పిల్ల ఒకతికి సీటొచ్చింది. ఆ పిల్లకి చేతులు పొడుగు, నాలుగేళ్లకే చెవి అందింది. బాపట్లలో కాగితాలు చూసేచోట చిక్కొచ్చిపడింది. పంచాయతీ ఇచ్చిన జనన పత్రం ప్రకారం వయసు సరిపోతుంది, మా రిజిస్టరు ప్రకారం ఏడాది ఎక్కువ. ఐదింటిలోగా అమ్మ రిజిస్టరు పట్టుకెళ్లి సంతకం పెట్టకపోతే సీటు ఇంకొకరికి. మా బడి గుర్తింపు రెన్యువల్ ఫైలు కూడా ఆ ఆఫీసులోనే ఉంది.

బస్సులో అమ్మకి నూరిపోశాను. "ఒక్క పేజీయే చూపించు. చెయ్యిజారి తప్పు పడిందని చెప్పు. ఇంకో ముక్క మాట్లాడొద్దు."

బస్సు ఆగిన ప్రతిచోటా నేను టైము చూసుకున్నాను.

చేరేసరికి నాలుగూ నలభై. పిల్ల తల్లి మెట్లమీదే ఎదురొచ్చింది. "సీటు పోద్దాండి, మేడంగారూ?" అంది. ఆగి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

ఆఫీసరు మేము చూపించిన పేజీ చూశాడు. తర్వాతది తిప్పాడు. ఇంకోటి తిప్పాడు.

"ఏంటండి మేడం, అందరూ ఒకే రోజు పుట్టారా?"

"చెయ్యిజారి..." అని నేను మొదలుపెట్టాను.

"నువ్వుండమ్మా" అంది అమ్మ. "లేదండి. నేనే అలా రాసేదాన్ని. ఈ పిల్ల వయసూ నేనే తప్పు రాశాను. పంచాయతీ కాగితమే నిజమండి."

"రాసిస్తే ఇది రికార్డులోకి వెళ్తుందండి. మీ బడికి మంచిది కాదు."

"కాగితం ఇవ్వండి."

బల్ల కింద అమ్మ కాలు తొక్కాను. ఆవిడ రాస్తూనే ఉంది.

సీటు నిలిచింది, మా గుర్తింపు నిలవలేదు. ఈ జూన్‌లో గేటు తెరవలేదు. బోర్డు నేనే దింపించాను.

దసరా సెలవుల్లో ఆ పిల్ల గురుకులం యూనిఫాంలో అమ్మని చూడటానికొచ్చింది. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. అమ్మ అంతలా నవ్వి నెలలయింది. ఆ పిల్ల తప్పేమీ లేదని నాకు తెలుసు.

"లెక్కల టీచరుగారు లేరాండి?" అని అడగడం వినబడింది.

నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.