బిస్మిల్లా అనకుండా

నన్ను మతం వదిలిన మనిషి అంటారు. అనేవాళ్లలో సగంమందికి నేను రోజూ నమాజు చేస్తానని తెలియదు. మిగతా సగానికి తెలుసు, తెలిసే అంటారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. ఎవరితోనూ వాదించకుండా, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మేము దూదేకులవాళ్లం. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టడం మా పని. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊళ్లో రెడ్లకు మేము సాయిబులం. టౌనులో ఉర్దూ మాట్లాడే సాయిబుల దగ్గరికి పోతే మాత్రం మేము వాళ్లలో లెక్క కాదు. "అరబ్బీ అక్షరం రాదు, ఉగాదికి వేపపూత తింటారు, మీరేం ముసల్మాన్లు?" అని నవ్వేవాళ్లు. మా నాయన ఆ నవ్వుకు తలవంచుకుని, మసీదులో ఆఖరి వరుసలో నిలబడి, తన నమాజు తాను చేసుకుని వచ్చేవాడు.

అక్షరం రాకపోయినా మా ఇంట్లో ఏ పనీ అల్లా పేరు తలిచి బిస్మిల్లా అనకుండా మొదలయ్యేది కాదు. నాయన దూది ఏకే విల్లు చేతికి తీసుకుని, నరంతో పేనిన నారిని వేలితో మీటి, బిస్మిల్లా అన్న తర్వాతే కొయ్యగుండుతో కొట్టేవాడు. అనకుండా కొడితే నారి తెగుతుందని ఆయన నమ్మకం. అమ్మ పొయ్యి రాజేసినా అదే మాట. బావిలో చేద వేసినా, బొంతకు మొదటి కుట్టు వేసినా అదే మాట. నేను మిషను బడిలో పలక మీద బలపం పెట్టేటప్పుడు కూడా అనేదాన్ని. అక్కడి పంతులమ్మ నవ్వి, "ఏమ్మే, అఆలకు కూడా మీ దేవుడు రావాల్నా?" అనేది. రావాలనే చెప్పాను. నా నోటికి అది ఊపిరంత అలవాటు.

నన్ను రాజంపేటకు ఇచ్చారు. మొగుడికి పరుపులు కుట్టే కొట్టు ఉండేది. మనిషి చూడ్డానికి బాగుంటాడు, పదిమందిలో మెత్తగా మాట్లాడతాడు. ఇంట్లో వేరే మనిషి. మా పనివాళ్ల ఇళ్లలో కొయ్యగుండు ఎప్పుడూ చేతికందే చోటనే ఉంటుంది. దానితో కొట్టిన దెబ్బకు నా ఎడమ మణికట్టు వంకరపోయింది, ఈనాటికీ పూర్తిగా తిరగదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఒకసారి, పుట్టాక చాలాసార్లు, బతుకుతానో లేదో అనుకున్నాను. చివరికి ఇంకొక ఆమెను చేసుకుని తెచ్చాడు. అప్పుడు బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేశాను.

నాయన తలాక్ అడగడానికి రాజంపేటకు పోయాడు. ఇంకొక భార్య ఉంది కదా, దీన్ని వదిలేయమని కాళ్లావేళ్లా పడ్డాడు. "ఇయ్యను మామా. సచ్చేదాకా అది నా పెండ్లామే" అన్నాడట, బొంత కుడుతూ తలెత్తకుండానే. ఏలుకోడు, వదలడు. తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా మా ఊరికొచ్చి, వీధిలో నిలబడి, జుట్టు పట్టి ఈడ్చుకుపోతానని అరిచేవాడు. ఒకసారి ఈడ్చుకుపోయాడు కూడా. ఊరి బయట చేలల్లో పనిచేసేవాళ్లు అడ్డం పడి విడిపించారు. ఇంకోసారి ఆయన చేతికి చిక్కితే బతకనని నాకు తెలుసు. నీళ్లు చేదేటప్పుడు బావిలోకి తొంగిచూడటం అలవాటైంది. బిడ్డ నా చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడేది కాబట్టి తొంగిచూడటంతో ఆగాను.

కడపలో ఒక ప్లీడరు ఉండేవాడు. నాయన కుట్టిన పరుపుల మీద పడుకునే మనిషి, మంచివాడు. ఆయన మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి అంతా విని, కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు.

"మీ శాస్త్రంలో మొగోడు విడిచిపెట్టాల్సిందే గాని, ఆడమనిషి తనంతట తాను విడిపోయే దారి శానా సన్నం. కొట్టినాడని కోర్టుకు పోతే గెలుస్తామని నేను చెప్పలేను. అయితే ఒకటి ఉండాది. ఆమె ఇస్లాం వదిలేస్తే ఆ నిమిషమే నికా తెగిపోతాది. పంజాబు దిక్కు ఆడోళ్లు అట్లే చేస్తాండారంట."

నాయన లేచాడు. ఇంటికొచ్చి విల్లు ముందు కూర్చుని, నారి మీటకుండానే అన్నాడు.

"కూతురు బతకాలంటే దేవుడు పోవాల్నా? ఇదేం లెక్క?"

"నోటితో అంటే పోయేటోడా దేవుడు? గుండెలో ఉండేవాడు యాడికి పోతాడు?" అంది అమ్మ.

"నోటితో అనేదే కదా నికా కూడా. నోటితో కట్టింది గట్టిదైతే, నోటితో వదిలింది గట్టిది కాదా?"

మా ఇంట్లో ఆ వాదన ఎన్నాళ్లు నడిచిందో. దూది ఏకే చప్పుడు ఆగినప్పుడల్లా అది మొదలయ్యేది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని దూదిలో గింజలు ఏరుతూ వినేదాన్ని. అమ్మకు నేను ప్రాణంతో ఉంటే చాలు. నాయనకు నేను ప్రాణంతోనూ ఉండాలి, చచ్చాక ఆయనతోపాటు స్వర్గానికీ రావాలి. ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమ మధ్యన నాకు ఊపిరాడేది కాదు. మిషను బడి పంతులమ్మ ఇంటికొచ్చి, తమ మతంలోకి వస్తే తమవాళ్లు నన్నూ బిడ్డనూ చూసుకుంటారంది. ఆమె మంచికే అంది. నాకు ఇంకొక దేవుడు అక్కర్లేదని చెప్పాను. నేను పారిపోవాలనుకున్నది మొగుడి దగ్గర్నుంచి.

కర్నూలు నుంచి ఒక మౌల్వీ జమ్మలమడుగు మసీదుకు వచ్చాడని తెలిసి, నాయన నన్ను తీసుకుపోయాడు. ముసలాయన, సన్నని గొంతు. నేను తెర వెనక కూర్చున్నాను. ఆయన దాపరికం లేకుండా అంతా చెప్పాడు. మతం వదిలిన మగవాడికి చావే శిక్ష అని పాత పెద్దలు రాశారట. ఆడదైతే చంపకూడదు, కలిమా చదివి మళ్లీ మతంలోకి వచ్చేదాకా చెరలో పెట్టాలట. ఇప్పుడు రాజ్యం తెల్లవాళ్లది కాబట్టి ఆ శిక్షలు లేవు, నికా తెగిపోవడం మాత్రం మిగిలింది. అందుకే దిక్కులేని ఆడవాళ్లు ఆ కంతలోంచి బయటపడుతున్నారని చెప్పి, దానికి తనకు రాత్రులు నిద్ర పట్టదన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తెర వెనక నుంచే అడిగాను.

"సాబూ, సంపే మొగుని కాడ నుంచి రావాలంటే తన్ను విడిచి పొమ్మని దేవుడే చెప్పినాడా?"

నాయన నా వైపు తెరను తట్టాడు, ఊరుకోమని. మౌల్వీ ఆయన్ను ఆపి జవాబు చెప్పాడు.

"దేవుడు చెప్పలేదు తల్లీ. పుస్తకాల్లో మేము తేల్చుకున్నాం. పాతకాలపు ఇంకొక ఇమాం చెప్పిన దారి ఉండాది, దాంట్లో ఇట్లాంటి మొగుని నుంచి ఖాజీయే విడగొట్టొచ్చు. ఆ దారి పట్టమని మా పెద్దోళ్లను నేను అడుగుతాండా. దానికి ముసల్మాను జడ్జి కావాల, యాడ తెచ్చేది? అంతవరకు నువ్వు ఆగగలవా?"

నేను తెర కింద నుంచి నా ఎడమ చెయ్యి బయటపెట్టి చూపించాను. ఆయన దాన్ని చూసి, జుమ్మా నమాజు అయ్యాక, మతం వదులుతున్నానని జమాతు అందరి ముందర చెప్పమన్నాడు.

ఆ శుక్రవారం మసీదు ముంగిట అంతమంది వస్తారని నేను అనుకోలేదు. మమ్మల్ని ముసల్మాన్లే కాదని నవ్విన టౌను సాయిబులంతా వచ్చారు. దూదేకుల ఆడది మతం విడుస్తుందంటే వాళ్లకు గుండె మండిపోయింది. ఉన్నన్నాళ్లూ మేము వాళ్లవాళ్లం కాదు, పోతామనేసరికి వాళ్లవాళ్లం అయిపోయాం. రాజంపేట నుంచి నా మొగుడు తన మనుషులతో వచ్చాడు. ముందు వరుసలో, తెల్లటి బట్టల్లో కూర్చున్నాడు.

ఒక దుప్పటి అడ్డం పట్టారు. దాని వెనక నేను, పక్కన బిడ్డను ఎత్తుకుని అమ్మ, ఇటువైపు నాయన. చెప్పవలసింది ఒక్క ముక్క. నేను ఇస్లాంను వదిలేస్తున్నాను, అంతే. దాన్ని ఇంట్లో లోలోపల ఎన్నిసార్లు అనుకున్నానో. మౌల్వీ అడిగాడు. నేను కళ్లు మూసుకున్నాను, ధైర్యం తెచ్చుకున్నాను, నోరు తెరిచాను.

"బిస్మిల్లా" అన్నాను. ఆ వెంటనే చెప్పవలసింది చెప్పేశాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు గాని నాకు తెలియలేదు నేను ఏమన్నానో. కష్టమైన పని దేనికైనా ముందు అనే మాటే, ఈ పనికీ ముందు అనేశాను.

"అల్లా పేరు తలుచుకొని అల్లాను వదుల్తాదంట. ఇది చెల్లదు సాబూ. నా పెండ్లాం నాదే" అన్నాడు నా మొగుడు.

"అనాల్సింది అనేసింది కదా. ఇంక ఆమె మన మనిషి కాదు. బిడ్డను తండ్రికి ఇచ్చేయాల" అన్నాడు జమాతు పెద్ద ఒకాయన.

నా మొగుడు దానికీ తలూపాడు. పెళ్లాన్ని తీసుకుపోవడానికి నేను ముసల్మానును, బిడ్డను లాక్కోవడానికి నేను కాదు. రెండూ కావాలి ఆయనకు. ఆ మాటల్లో తేడా ఆ ముంగిట్లో ఒక్కరికీ కనబడలేదు. అది చెల్లుతుందని కొందరు, చెల్లదని కొందరు, ఏ గ్రంథంలో ఏముందోనని కొందరు కేకలేసుకున్నారు. నా ప్రాణం మీద అంత చదువు చర్చకు వచ్చింది.

చివరికి మౌల్వీ చెయ్యెత్తాడు. "దేవుని పేరుతో మొదలుపెట్టిన మనిషిని దేవుని నుంచి పోయిందని నేను చెప్పలేను. నికా నిలిచే ఉండాది" అన్నాడు. ఆయన గొంతు అసలే సన్నం, సగంమందికి వినబడలేదు. నా మొగుడికి వినబడింది. లేచి వచ్చి, దుప్పటి పక్కకు లాగి, నా వంకర మణికట్టే పట్టుకున్నాడు.

నాయన కేసి చూశాను. ఆ మాట అనొద్దని అన్నాళ్లూ ఏడ్చిన మనిషి ఆయన. అన్నం మానేసిన మనిషి. ఆయన లేచి నా దగ్గరికి వచ్చి, నా మొగుడి చెయ్యి విడిపించి, నా చెవి దగ్గర వంగాడు.

"మళ్లీ చెప్పమ్మా. ఈసారి బిస్మిల్లా నేను అంటా. నువ్వు అనొద్దు."

నారి మీటేటప్పుడు కదిలినట్టే ఆయన పెదవులు కదిలాయి. అవి ఆగేదాకా చూసి, పళ్లు బిగబట్టి, నేను మిగతా ముక్క మాత్రమే చెప్పాను. ఆ గొంతు నాది కాదనిపించింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత దేవుడి పేరు లేకుండా నేను చేసిన మొదటి పని అది. మౌల్వీ తల దించుకుని, "తెగిపోయింది" అన్నాడు.

నేను అక్కడే కలిమా చదివాను. తిరిగి రావడానికి ఎంతో సేపు పట్టలేదు, నేను పోయిందే లేదు కనుక. తల్లి తిరిగి వచ్చింది కాబట్టి బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని మౌల్వీ చెప్పాడు. ఎవరూ వినలేదు. మతంతో ఆడుకునే దాని చేతిలో ముసల్మాను బిడ్డను పెట్టకూడదని జమాతు తేల్చింది. రాజంపేట మనుషులు అమ్మ చంకలోంచి బిడ్డను లాక్కుని బండి ఎక్కించారు. మూడేళ్ల పిల్ల. బండి వెనక పరుగెత్తాను, పడ్డాను, మళ్లీ పరుగెత్తాను. అది నన్ను పిలుస్తూనే ఉంది. ఆ రోజు బావి దగ్గరికి పోకుండా అమ్మ నన్ను మంచానికి కట్టేసింది. అది మంచి పనో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

బిడ్డ కోసం కోర్టులో వేశాం. వాయిదాల మీద వాయిదాలు. నాయన చూపు మందగించింది, విల్లు పక్కన పెట్టేశాడు. ఇంతలో కొన్నేళ్లకు ఢిల్లీలో కొత్త చట్టం వచ్చిందని ప్లీడరు చెప్పాడు. కొట్టే మొగుడి నుంచి, వదిలేసిపోయిన మొగుడి నుంచి ముసల్మాను ఆడది కోర్టుకు పోయి విడాకులు తీసుకోవచ్చట. మతం వదిలినంత మాత్రాన నికా తెగదట ఇక. నాకోసం పుట్టినట్టే ఉంది ఆ చట్టం. కొంచెం ముందు పుట్టి ఉంటే. ప్లీడరు సంతోషంగానే చెప్పాడు, నేను మాత్రం ఆయన వసారాలో స్తంభం పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

ఆ ఏడే కడప దర్గా ఉరుసులో బిడ్డను చూశాను. మా అత్తతో, అంటే దాని జేజితో వచ్చింది. ఆ ముసలామెకు ఏ మూలో జాలి ఉంది. "బిరీన కానీ, ఎవరన్నా చూస్తారు" అని అటు తిరిగి కూర్చుంది. పిల్ల పొడుగైంది, నా ముక్కే దానిది. నేనెవరో తెలుసు గాని దగ్గరికి రావడానికి జంకింది. దానికి ఇష్టమని బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి మూటగట్టి తీసుకుపోయాను. మూట విప్పి, ఒకటి తుంచి, దాని నోటికి అందిస్తూ అలవాటుగా నోరు తెరిచాను.

పిల్ల గబుక్కున తన చిన్న చెయ్యి నా నోటి మీద పెట్టింది.

"నువ్వు అనగూడదంటమ్మా. నాయన చెప్పినాడు. నేను అంటాలే."

అని, అదే బిస్మిల్లా అని, ఓళిగ తినింది. ఇంకొకటి అడిగితే ఇచ్చాను. "నువ్వు తినవా?" అంది. ఆకలి లేదన్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అయినా ఆ మాట అనకుండా తినడం నాకు చేతకాదు.