దిగువ వీధికి నీళ్లు ఆపిన రోజు

ఆయన్ని అందరూ నీళ్లాయన అనేవారు. ఆ ఊళ్లో ఒక పక్క వీధులన్నిటికీ వాల్వులు తిప్పే పని ఇరవై ఆరేళ్లుగా ఆయనదే. వాల్వు తిప్పడానికి మనిషంత పొడుగున్న ఇనప తాళంచెవిని భుజాన వేసుకుని తెల్లారేసరికి ట్యాంకు దగ్గర ఉండేవాడు. ఎగువ వీధికి ఆరింటికి, బడి వీధికి ఏడున్నరకి, అన్నిటికన్నా చివర దిగువ వీధికి తొమ్మిదింటికి నీళ్లు వదిలేవాడు.

దిగువ వీధి వాళ్ల బతుకంతా ఆ తొమ్మిది గంటల చుట్టూనే అల్లుకుపోయింది. ఆ వేళకి ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉండి తీరాలి. అందుకే ఆ వీధి ఆడవాళ్లలో పొద్దుటి పనికి పోయేవాళ్లు దాదాపు లేరు. బస్సు కండక్టరమ్మ మధ్యాహ్నం డ్యూటీ వేయమని డిపోలో ప్రతి నెలా బతిమాలుకునేది. డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా, బళ్లో టీచరు రమ్మని కబురు పెట్టినా "నీళ్లొచ్చిపోయాక వస్తాం" అనేవారు. రెండు మలుపుల అవతల ఎగువ వీధి వాళ్లేమో ఎనిమిదింటికల్లా స్నానాలు కానిచ్చి, ఇంటికి తాళం వేసి, చక్కగా ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయేవారు.

నీళ్లాయన పెద్దకూతురి కాపురం దిగువ వీధిలోనే. ఆమెకి ఎనిమిది నెలల పాప. పెళ్లికి ముందు బట్టల షాపులో పనిచేసింది. మళ్లీ చేరదామంటే షాపు తొమ్మిదింటికి తెరుస్తారు.

"తాళం నీ చేతిలోనే ఉంది కదా నాన్నా, మాకు ఏడింటికి తిప్పరాదూ?" అనేది.

"ట్యాంకు మీ తాత కట్టించాడనుకున్నావా?" అని నవ్వేసేవాడు.

ఆ ఏడు వానలకి ముందు, వైర్లు వేసేవాళ్లు వచ్చి దిగువ వీధి మలుపులో రోడ్డు తవ్వారు. రెండు రోజులు మిషను గడగడలాడించి, పైన మట్టి కప్పేసి పోయారు. మర్నాడు మంగళవారం. నీళ్లాయన ఎప్పటిలాగే వాల్వు తిప్పి, మొదటి ఇంటి కుళాయి కింద దోసిలి పట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆయన ముక్కు సగం మొద్దుబారింది. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లయినా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నీళ్ల పనివాడికి వాసన తెలియదంటే ఆఫీసులో ఎన్నాళ్లు ఉంచుకుంటారు?

మొదటి ఇల్లు ఇస్త్రీ అతనిది. అతని తల్లి బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, ఒకసారి వాసన చూడు," అన్నాడు.

"మట్టి వాసన నాయనా. తవ్వారుగా! మొదటి బిందె పారబోస్తే సరి," అందావిడ.

సరేననుకున్నాడు. అయినా ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి ఇంటికి తెచ్చాడు. భార్య మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసింది.

"ఏమో, తెలియట్లేదు. ఇప్పుడే ఉల్లిపాయలు తరిగాను."

"సరిగ్గా చూడవే."

"చూశానయ్యా! ఉందంటే నీకొక భయం, లేదంటే ఇంకో భయం. నేనేం చెప్పి చావను?"

బుధవారం మళ్లీ తొమ్మిదింటికి తిప్పాడు. కండక్టరమ్మ ఇంటి ముందుకి వచ్చేసరికి లోపల చిన్నపిల్ల వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పిల్లలన్నాక ఏదో ఒకటి తింటారు, అరగదు, కక్కుతారు అని తనకి తనే చెప్పుకున్నాడు. నాలుగిళ్లు దాటాక, ఒక ముసలాయన కడుపు పట్టుకుని గడపలో కూర్చుని కనిపించాడు. దానికేం చెప్పుకోవాలో తోచలేదు. పక్క కుళాయి దగ్గర ఇంకో సీసా నింపుకుని, వాల్వు కట్టేసి తిన్నగా ఆఫీసుకి నడిచాడు.

ఇంజనీరు సీసాని వెలుతురులో పెట్టి చూశాడు. "తేటగానే ఉన్నాయిగా."

"తేటగానే ఉన్నాయి సార్. కానీ ఏదో తేడా ఉంది. ఇద్దరికి బాగాలేదు."

"ఊళ్లో ఇద్దరికి ఎప్పుడూ బాగుండదయ్యా. ల్యాబుకి పంపిస్తాను, మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. ఈలోగా నువ్వు సొంత తెలివి చూపించి నీళ్లు ఆపకు. ఆపితే వాళ్లు రోడ్డెక్కుతారు, నా పీకల మీదికొస్తుంది. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అన్నాడు. బయటికొచ్చాక, తేడా ఏమిటో తను గట్టిగా చెప్పలేకపోయినందుకు తన ముక్కునే తిట్టుకున్నాడు. దారిలో కూతురింట్లోకి తొంగిచూశాడు. పాప నిద్రపోతోంది. "నీళ్లు కాచి తాగండమ్మా," అన్నాడు. ఎందుకని అడిగితే, "వానాకాలం వస్తోంది కదా," అన్నాడు. ఒక్క ఇంటికే చెప్పి వచ్చేశానన్న సంగతి సగం దారిలో తట్టింది. వెనక్కి వెళ్లి అందరికీ చెప్తే? తీరా నీళ్లు మంచివే అని తేలితే? వెనక్కి తిరగకుండా ఇంటికి నడిచాడు.

గురువారం తొమ్మిదయింది. దిగువ వీధి వాల్వు దగ్గర తాళాన్ని నేలకి ఆనించి నిలబడ్డాడు. తిప్పలేదు.

పావుగంటకి బిందెలు రోడ్డు మీదికొచ్చాయి.

"ఏంటన్నా, మర్చిపోయావా?" కండక్టరమ్మ అడిగింది. రాత్రంతా నిద్ర లేక ఆవిడ కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "పిల్లకి విరేచనాలు. బట్టలు ఉతకాలి, ఆసుపత్రికి పోవాలి. తిప్పు."

"ఈ రోజు రావమ్మా. పైపు పని ఉంది."

"ఎగువ వీధికి వచ్చాయిగా! పనులన్నీ మా వీధిలోనే ఉంటాయా?"

తలా ఒక మాట అన్నారు. ఒకావిడ ఖాళీ బిందెని ఆయన కాళ్ల ముందు దబ్బున పెట్టింది. ఇంతలో కూతురు పాపని చంకనేసుకుని వచ్చింది. "నాన్నా, పరువు పోతోంది. రెండు బిందెలకైనా వదులు," అంది మెల్లగా.

ఆయన పాపని చూశాడు. ఇక దాచలేకపోయాడు.

"నీళ్లు చెడ్డాయి," అన్నాడు. "తవ్విన చోట ఏదో కలుస్తోందని నా అనుమానం. ఆపమని ఎవరూ చెప్పలేదు. నేనే ఆపాను. ఇంట్లో పట్టినవి పారబోయండి."

కండక్టరమ్మే ముందు మాట్లాడింది.

"అనుమానం ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం."

"మరి నిన్నెందుకు వదిలావు?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కొట్టినా బాగుండేది. కొట్టలేదు. ఇంట్లోకి వెళ్లి పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

ఎవరు ఫోన్ చేశారో, ఇంజనీరు జీపులో దిగాడు. "తాళం ఇటివ్వు," అన్నాడు. నీళ్లాయన ఇవ్వలేదు. అంత పెద్ద ఆఫీసరుకి ఎదురు నిలబడటం ఆయన జన్మలో అదే మొదలు.

"ముందు ఆ మలుపులో తవ్వించండి సార్. ఏమీ లేదని తేలితే తాళమూ ఇస్తాను, ఉద్యోగమూ వదిలేస్తాను."

ఇంజనీరు కస్సుమనేలోపే ఇస్త్రీ అతను ఇంట్లోంచి పార తెచ్చాడు. వాళ్లమ్మ పొద్దుట్నుంచి మంచం మీంచి లేవలేదట. ఇంకో ఇద్దరు చేయి వేశారు. నడుం లోతు వచ్చేసరికి నల్లటి నీరు ఊరింది. దాని మధ్య నీళ్ల పైపు, మిషను పన్ను తగిలి జానెడు మేర చీలి ఉంది. పక్కనే పగిలిన మురుగు గొట్టం. ఇప్పుడు ముక్కులు మూసుకోనివాడు అక్కడ లేడు. నీళ్లాయనకి మాత్రం అప్పుడు కూడా లీలగానే తెలిసింది.

ఇంజనీరు జీపు వెనక్కి వెళ్లి ఫోన్లో మెల్లగా మాట్లాడాడు. మధ్యాహ్నానికి నీళ్ల లారీ వచ్చింది.

పదిహేడు మంది ఆసుపత్రి పాలయ్యారు. కండక్టరమ్మ కూతురికి మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇస్త్రీ అతని తల్లి తొమ్మిదో రోజున, సగం మనిషై తిరిగొచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ మాటతో చాలామంది ఆయనకి ధైర్యం చెప్పారు. ఆయన మాత్రం, మంగళవారమే ఆపి ఉంటే ఆ పదిహేడు మందిలో ఎంతమంది మంచాన పడకుండా ఉండేవారా అని ఆలోచించేవాడు.

ఆఫీసువాళ్లు ఆయన్ని తీసేయలేదు, మెచ్చుకోనూ లేదు. ఊరికి అవతలి పక్క వీధులకి మార్చారు. ఆరు నెలలకి దిగువ వీధికి కొత్త లైను వేసి, నీళ్ల వేళని ఆరున్నరకి జరిపారు. వీధి తీరే మారిపోయింది. కండక్టరమ్మ పొద్దుటి బస్సు ఎక్కుతోంది. కూతురు పాపని అత్తగారికి అప్పగించి బట్టల షాపులో చేరింది. తొమ్మిదింటికి వెళ్లి చూస్తే సగం ఇళ్లకి తాళాలు. కండక్టరమ్మ ఎదురుపడితే పలకరిస్తుంది. "బాగున్నావా అన్నా" అంటుంది, అంతకుమించి నిలబడదు.

ఇంట్లో అన్నం తింటున్నప్పుడు పక్క వాటాలో ఎవరైనా కుళాయి తిప్పితే ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ధార బిందెలో పడి, బిందె నిండి, కుళాయి కట్టేసేదాకా అలాగే వింటూ ఉంటాడు.

"తినవయ్యా," అంటుంది భార్య.

తింటాడు.