గొంతు మారని గంట

చచ్చిన మేక మెడలోంచి తీసిన గంటను ఆత్మకూరు చుట్టుపక్కల ఏ కాపరీ ఇంట్లో ఉంచుకోడు. చూరుకు వేలాడదీయడు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడు, ఇంకో మేక మెడలో అసలే కట్టడు. తీసుకొచ్చి గులాం నబీ దుకాణంలో ఇచ్చేసి, పైన కొంత డబ్బు కలిపి, వేరే గంట పట్టుకుపోతాడు. నబీ తాత కాలం నుంచీ ఇదే నడుస్తోంది.

ఆ దుకాణం బస్టాండు దాటి సంత వైపు మళ్లే దారిలో ఉంది. ముందు వరసలో పలుపులు, ముకుతాళ్లు కనిపిస్తాయి గానీ అవి పై సరుకు. అసలు సరుకు లోపల దూలానికి గుత్తులుగా కట్టిన గంటలు. ఆవుకు వేరు, మేకకు వేరు, మంద ముందు నడిచే మేకపోతుకు వేరు. గాలి వీచిన రోజు ఆ పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడటం ఎవరి తరమూ కాదు. నబీకి మాత్రం ఆ రొదలో ఏ గంట ఏదో విడివిడిగా తెలుస్తుంది. సాయంత్రం గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ, తలెత్తకుండానే ఫలానావాళ్ల మంద వస్తోందని చెప్పగలడు. అన్ని చెవులున్న మనిషికి పెళ్లాం జీనత్ పిలుపు మాత్రం మూడోసారికి గానీ వినపడదు. అది వేరే సంగతి.

పాత గంట చేతికొస్తే నబీ దాన్ని అట్లాగే అమ్మడు. కుంపట్లో కాల్చి, లోపలి నాలుక ఊడదీసి వేరేది వేసి, అంచును ఆకురాయితో రాస్తాడు. రాస్తాడు, వాయిస్తాడు, చెవి దగ్గర పెట్టుకుంటాడు, మళ్లీ రాస్తాడు. పాత గొంతు ఆనవాలు లేకుండా పోయి కొత్త గొంతు పలికేదాకా వదలడు. దీన్ని గొంతు మార్చడం అంటారు. "మార్చకుంటే ఏమైతది?" అని చిన్నప్పుడు అడిగితే వాళ్ల నాయన ఆకురాయి చేతిలో పెట్టాడు. మాటలు దండగ అనుకునే రకం ఆయన.

ఒక గంట గొంతు మార్చాలంటే ఒక పూట పోతుంది. ఆ పూట, ఆ బొగ్గులు, ఆ చెవి, అన్నీ గంట ధరలోనే ఉంటాయి. కొనేవాళ్లకు అది తెలుసు కాబట్టి ఎవరూ బేరమాడేవాళ్లు కాదు. తెలంగాణ వచ్చాక సర్కారు గొర్రెలు పంచిన ఏడాది ఆ దుకాణం పెళ్లిల్లులా ఉండేది. ఆ సందడి ఎంతోకాలం నిలవలేదు.

ఒక వానాకాలం లీలమ్మ వచ్చింది. ఆమె మగడు సైదులుది జూరాల ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున ఉన్న ఊరు. నీళ్లు ఎక్కిన ఒక సాయంత్రం సైదులు మందకు ముందు నడిచే పోతు, నీళ్లలో మునిగిపోయిన పాత బాట పట్టింది. ఎందుకు పట్టిందో ఎవరికీ తెలియదు. దాన్ని మళ్లించబోయి సైదులు దిగాడు. పోతు కళేబరం మెడలో గంటతో సహా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సైదులు దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. లీలమ్మ గొర్రెలన్నిటినీ పెబ్బేరు సంతలో అమ్మేసి, ఆ గంటను కొంగులో చుట్టుకొని నబీ దగ్గరికి తెచ్చింది.

"దీని గొంతు మార్చు సాయిబన్నా. మల్ల నా చెవుల పడొద్దు" అంది.

"మారుస్త చెల్లె. నువ్వు ఫికర్ చెయ్యకు."

బదులుగా వేరే గంట ఇవ్వబోతే తీసుకోలేదు. కట్టడానికి ఆమెకు మేక ఏది? నబీ ఒకసారి ఆ గంటను కదిపి చూశాడు. కంచుది, బరువైనది. గొంతు కిందికి దిగి, చివర్న చిన్న వణుకుతో ఆగేది. అలాంటి గొంతు ఒక్కసారి వింటే మరిచిపోయేది కాదు. దాన్ని మూలనున్న గంపలో పాత గంటల మధ్య వేశాడు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఉండగానే ఫోన్ల బెడద వచ్చి పడింది.

పెద్దులు కూడా ఆ నీళ్ల పక్క మనిషే, కాకపోతే పక్క ఊరు. ఒకరోజు దుకాణానికి వచ్చి, గంట చూడకుండా ఫోను తీసి చూపించాడు.

"గిదే గంట ఫోన్ల సగం రేటుకే వస్తాంది సాయబు. ఇంటికి తెచ్చిస్తరంట గూడ. గా రేటుకు నువ్వియ్యి, నీ దగ్గర్నే తీస్కుంట."

"గది గంట కాదు పెద్దులన్నా, రేకు డబ్బ. అన్నింటికీ ఒక్కటే గొంతు ఉంటది. నీ మంద ఏదో, పక్కోని మంద ఏదో గొర్లకు ఎట్ల తెలుస్తది?"

"గొంతులు జూసి కొనే రోజులు పొయినయి. మల్లొస్త తియ్యి" అని పెద్దులు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అట్లా అంటూనే చాలామంది రాకుండా పోయారు.

నబీ కూతురు అతియా డిగ్రీ చదువుతుంది, సెలవుల్లో దుకాణంలో కూర్చుంటుంది. ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, ఆ మాటలకు తెలుగు ఇది: "అబ్బాజాన్, మీ గంట మంచిదే. కానీ ఆ రేటుకు ఇవ్వకపోతే దుకాణం కిరాయి మంచితనంతో కట్టలేం. దేన్లోనో తగ్గించండి." ఆ పిల్ల చెప్పింది తప్పేమీ కాదు. అసలు చిక్కల్లా అదే. కంచు ధర తగ్గించడం నబీ చేతిలో లేదు, కిరాయి అంతకన్నా లేదు. తగ్గించగలిగింది ఒక్కటే, ఆకురాయి పట్టే ఆ పూట.

ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లి, పొద్దున్నే గంపను ముందుకు లాగాడు. పాత గంటలన్నిటినీ చింతపండుతో, బూడిదతో తోమాడు. కాల్చలేదు, ఆకురాయి పట్టలేదు. కొత్తవాటిలా తళతళలాడాయి. అతియా చేత అట్ట మీద 'ఫోన్ల రేటుకే' అని రాయించి ముందు కట్టాడు. ఆ ముక్క చూసి పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. చాలా రోజుల తర్వాత జీనత్ వంటింట్లో నెయ్యి వాసన వచ్చింది. నబీ తిన్నాడు గానీ రుచి తెలియలేదు.

పెద్దులూ వచ్చాడు. గుత్తిలోంచి ఒకటి ఏరి చెవి దగ్గర ఊపాడు. కిందికి దిగి, చివర్న చిన్న వణుకుతో ఆగింది. నబీ చేతిలోని చాయ్ గ్లాసు గడప మీద పెట్టేశాడు. "అది వద్దన్నా, ఇంకొకటి ఇస్త" అనాలి. నోటి దాకా వచ్చింది. దుకాణంలో ఇంకో ఇద్దరు బేరగాళ్లున్నారు, అతియా చూస్తోంది. ఎందుకు వద్దో చెప్పాలంటే గొంతు మార్చలేదని చెప్పాలి. చెబితే అట్ట ముక్క దింపాలి. ఆయన పెద్దులు ఇచ్చిన డబ్బు తీసుకుని గల్లాలో వేశాడు.

వారం తిరక్కుండానే పెద్దులు మళ్లీ వచ్చాడు, ఈసారి సంతోషంగా.

"ఏం గంట ఇచ్చినవు సాయబు. మందంతా దాని ఎనకనే పోతాంది. ఒక్క గొర్రె పక్కకు జరుగుతలేదు. గని ఒక్క తిప్పలున్నది. పొద్దుగూకితే పోతు ఇంటికి మళ్లుతలేదు. నీళ్ల దిక్కు పోతాంది. అంచుకు పొయ్యి నిలవడ్తది, ఎనక గొర్లన్ని మెడలు సాపి ఆలకిచ్చుకుంట నిలవడ్తయి. పిలిస్తె తిరిగి చూడవు."

"గొర్లు నీయేనా అన్నా? ఈడ పుట్టినయేనా?"

"సగం నాయి. సగం పెబ్బేరు దలాలి దగ్గర పట్టిన, సైదులు పెండ్లాం అమ్మినయంట. ముందుగాల గవ్వే ఉరుకుతయి."

నబీకి సంగతి అర్థమైంది. గొర్రెకు మనిషి ముఖం గుర్తుంటుందో లేదో గానీ, తన మంద గంట గొంతు మరిచిపోదు. వాటికి అది పెద్దులు కొన్న గంట కాదు, సైదులు పోతు నడుస్తున్న చప్పుడు. ఆ పోతు చివరిసారి ఎటు నడిచిందో వాటికి తెలుసు. గొర్రెల సంగతి సరే, పోతు కొత్తది కదా, అది ఎందుకు అటు పోతోంది?

"ఆ గంట తెచ్చియ్యి అన్నా, దానికన్న మంచిది ఇస్త. పైసలొద్దు."

"గింత మంచి గంటను ఎవడన్న వాపసిస్తడా?" అని నవ్వి పెద్దులు వెళ్లిపోయాడు.

మరునాడు నబీ దుకాణం పెందలాడే మూసి, ఇంకో గంటను సంచిలో వేసుకుని, మోపెడు మీద నీళ్ల వైపు బయల్దేరాడు. చేరేసరికి పొద్దు దిగుతోంది. గాలి లేదు. నీళ్లు కదలడం లేదు. ఒడ్డున ఎక్కడా మంద లేదు, కానీ ఆ గొంతు వినిపిస్తోంది. కిందికి దిగడం, చివర్న వణుకు. గట్టు ఎక్కి చూస్తే పాత బాట నీళ్లలోకి దిగిపోయే చోట పోతు పొట్ట లోతులో ఉంది. దాని వెనక గొర్రెలు ఒకదాని వెంట ఒకటి తొందర లేకుండా దిగుతున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. ముందుకెళ్లి పోతు కొమ్ములు పట్టుకుని పెద్దులు పెనుగులాడుతున్నాడు, నీళ్లు అతని నడుము దాటాయి.

నబీ సంచిలోని గంట తీసి బలమంతా పెట్టి మోగించాడు. ఒక్క గొర్రె కూడా చెవి తిప్పలేదు. చెప్పులు వదిలేసి దిగాడు. అడుగున మట్టి ఉండాల్సింది, రాళ్లు పరిచిన బాట తగిలింది, ఎవరో రోజూ నడుస్తున్నట్టు నున్నగా ఉంది. అయినా ఆగలేదు. పోతు దగ్గరికి చేరి, తల మీది రుమాలు తీసి గంటలో కుక్కి, నాలుకను పిడికిట్లో బిగించాడు.

గొర్రెలు ఆగిపోయాయి. నిద్రలోంచి లేచినట్టు ఒక్కసారిగా అరుస్తూ ఒడ్డుకు తోసుకున్నాయి. పోతు కూడా తల విదిలించుకుని వాటి వెంట పడింది. నబీ తాడు తెంపి గంటను చేతిలోకి తీసుకున్నాడు. గుడ్డ అందులోనే ఉంది, నాలుక పిడికిట్లోనే ఉంది. అయినా నీళ్ల నడుమ నుంచి ఆ గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఇనబడ్తాందా పెద్దులన్నా?"

"ఏంది? గుండె దడ దప్ప నాకేం ఇనబడ్తలేదు. నీళ్ల మీద సప్పుడు జరసేపు తిరుగుతది సాయబు. పా, బయటికి పా."

ఒడ్డున కూర్చున్నాక నబీ పెద్దులుకు జరిగిందంతా చెప్పేశాడు. పెద్దులు కోపంతో ఎర్రబడ్డాడు, తిట్టబోయి ఆగి, తన తడిసిన బట్టలు పిండుకున్నాడు. చివరికి, "రేటు తగ్గియ్యమన్నది నేనే గద. దేన్ని తగ్గిస్తవో నేనడగలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నబీ కుంపటి రాజేసి ఆ గంటను కాల్చి, నాలుక మార్చి, చేతులు బొబ్బలెక్కేలా ఆకురాయి పట్టాడు. గొంతు సన్నగా, పైకి మారిపోయింది. వణుకు లేదు. అతియాను పిలిచి అట్ట ముక్క దింపించాడు. తోమి అమ్మిన మిగతా గంటలు కూడా ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి మార్చాలని ఆమెతో చెప్పాడు. "మరి దుకాణం, అబ్బా?" అని ఆ పిల్ల అడిగింది. "నడిస్తే నడుస్తుంది" అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఫోను పట్టుకుని ఒకడు వస్తే, ఆ ధరకు ఇవ్వనని చెప్పి పంపేశాడు. చెప్పాక గుండె తేలికపడింది.

ఆ మరుసటి రోజు, పొద్దు వాలుతుండగా లీలమ్మ వచ్చింది. మునుపటి కంటే ముఖం తేటగా ఉంది, తలలో పూలు లేవు గానీ నున్నగా దువ్వుకుంది. గడప మీద కూర్చుంది.

"సాయిబన్నా, నా గంట గొంతు మార్చినవా?"

ఔనంటే అబద్ధం కూడా కాదు, ఎదురుగా మార్చిన గంట వేలాడుతోంది. నబీకి ఔననే అనాలనిపించింది. ఆమె ముఖం చూసి అనలేకపోయాడు.

"అప్పుడు మార్చలే చెల్లె. ఫోన్ల రేటుకు అమ్మాలన్న ఆశతోని ఉత్తగ తోమి పెద్దులుకిచ్చిన. నీకిచ్చిన మాట తప్పిన. మొన్న తెచ్చి, నిన్న పొద్దుగాలనే కాల్చి మార్చిన. ఇగ నీకు ఇనబడదు. నన్ను మాఫ్ చెయ్యి." గంట దింపి మోగించి చూపించాడు.

లీలమ్మ ఆ సన్నటి గొంతు విని, తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"గందుకా. రోజు పొద్దుగూకంగ మా వాకిట్లకు ఇనబడేది. మా ఇంటాయినె వస్తుండనుకున్న. మంచమేసి, రెండు పల్లాలు పెట్టి కూసుంటున్న." తర్వాత వేళ్లు మడిచి లెక్క చూసుకుని అడిగింది. "నిన్న పొద్దుగాల మార్చినవా?"

"ఔ చెల్లె."

"మరి నిన్న పొద్దుగూకంగ గూడ ఇనబడ్డది."

నబీ ఏదో చెప్పబోయాడు. నీళ్ల మీద చప్పుడు తిరుగుతుందని పెద్దులు అన్న మాటే గుర్తుకొచ్చింది. ఆ నీళ్లు దుకాణానికి బండి మీద పోవాల్సినంత దూరం. లీలమ్మ చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. సంత దారిలో ఆటోలు పోతున్నాయి, ఎవరిదో మంద వస్తోంది, లోపల దూలానికి గంటలు గాలి లేక ఊరికే వేలాడుతున్నాయి. వాటన్నిటి వెనక, కిందికి దిగి, చివర్న వణుకుతూ ఆ గొంతు వినిపించింది. నబీ చేతిలోని గంట నాలుకను వేళ్లతో గట్టిగా పట్టుకున్నాడు. అది ఆగలేదు. మొన్నటి కంటే దగ్గరగా ఉంది.

లీలమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"పోతనన్నా" అంది. "పొయ్యి ముట్టియ్యాలె, బువ్వ వండాలె."