కొబ్బరినూనెకు కలిగిన చైతన్యం

ఒక్క కొబ్బరినూనె సీసాతో ఒక సంసారాన్ని ముంచబోయిన ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కరోనా సద్దుమణిగాక దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఖాజా, నేను ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇద్దరిదీ నెల్లూరే. నేను మొబైల్ షాపులో సేల్స్‌మన్‌ని, వాడు మెదడు మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్. అక్కడ మత్తుమందుల జోలికి పోకుండా, మూసిన కళ్ల మీద దీపాలు మినుకుమినుకుమనిపించి, మత్తులో కనిపించేలాంటి రంగులే చూపిస్తారు. అప్పుడు తలకు తగిలించిన తీగలు మెదడు అలల్ని కొలుస్తాయి. ఆ అలలతో బొమ్మకారును నడిపించాలని వాళ్ల ప్రయత్నం.

"రేపు ముదీర్, అదే మా పెద్ద మేనేజరు, చూడ్డానికొస్తుండాడన్నా. తీగలు పెట్టించుకొని కూర్చోవాల్సినోడికి జొరం. నువ్వు రా. ఇది సరిగ్గా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటు. షబానాని, పాపని తెచ్చుకుంటా. తల శుభ్రంగా కడుక్కొని రా, అంతే," అన్నాడు ఖాజా.

షాంపూతో కడిగాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఊళ్లో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేశాను.

"తలకు తీగలా? వేడి చేస్తదండీ! నూనె పెట్టుకోకుండా పోతారా ఏంది?"

పెట్టుకున్నాను. ఎంతంటే, గారెలు వేయించుకోవచ్చు.

తీగల టోపీ తొడుగుతుంటే ఖాజా చెయ్యి జారింది.

"ఏందన్నా ఇది?"

"చలవకి."

జిడ్డుంటే తీగలు అలల్ని పట్టవట, వాడి మొహం మాడిపోయింది. టిష్యూలతో తుడుస్తుండగానే ముదీర్ లోపలికొచ్చి, "యల్లా, షురూ కరో!" అని తొందరపెట్టాడు. నూనె రాయనేల, తల తుడవనేల అని పెద్దలు నాకోసమే చెప్పి ఉండాల్సింది.

దీపాలు వెలిగాయి. రంగులు నిజంగానే వచ్చాయి. నెమలి పింఛాలు, ముగ్గులు, ఎందుకో మా ఆవిడ చేసే చేపల పులుసు కూడా.

"కుడి చెయ్యి ఎత్తుతున్నట్టు అనుకో అన్నా."

అనుకున్నాను. కారు కదల్లేదు. ఇంతలో నూనె, తీగల జిగురు కలిసి కంట్లోకి కారాయి. తల విదిలించాను. టోపీ చెవి మీదికి జారింది. తెర మీద అలలు కొండలంత లేచాయి. కారు దూసుకెళ్లి ముదీర్ బూటును గుద్దింది.

"మాషా అల్లా! ఇంత గొప్ప చైతన్యస్థితి నేనెప్పుడూ చూడలేదు!" అని ఆయన ఇంగ్లీషులో పొంగిపోయాడు.

ఖాజా ఊ అంటే చాలు, ఉద్యోగం ఖాయం. అనరా బాబూ అని మండుతున్న కంటితోనే సైగ చేశాను.

"సర్, అది ఈయన మెదడు కాదు. తలనూనె. టోపీ జారింది," అన్నాడు వాడు.

నాకు ఏడుపొచ్చింది. సగం నూనె వల్లే అనుకోండి, మిగతా సగం మాత్రం వాడి కోసమే.

ముదీర్ నా తల మీద వేలు పెట్టి, వాసన చూసి, పడీపడీ నవ్వాడు. "నూనెకీ చైతన్యానికీ తేడా చెప్పే మనిషే నాకు కావాలి. ఇతన్ని పర్మనెంట్ చెయ్యండి," అని తన వెంట వచ్చినవాళ్లకు చెప్పి, నావైపు తిరిగాడు. "నువ్వు మాత్రం మళ్లీ రావద్దు. ఖలాస్!"

షబానా, పాప వచ్చిన రోజున ఎయిర్‌పోర్టులో ఖాజా కంటే ముందు ఏడ్చింది నేనే.

మా ఆవిడ మాత్రం అడిగింది: "ఇంతకీ మీ తలలో ఏముందని తేల్చారు?"

"ఏమీ తేల్లేదు."

"అంత దూరం పోయి తీగలెందుకు? నన్నడిగితే చెప్పనా?"

అందుకే అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా తలను ఇక ఏ శాస్త్రానికీ అప్పగించను. ఏమీ లేదని ఇంట్లో ఒకరికి తెలిస్తే చాలు, ప్రపంచానికి రుజువులెందుకు?